ఇటుక ఎవరిది

ఖరగ్‌పూర్ నుంచి వచ్చే లోకల్ దాస్‌నగర్ దాటి, టికియాపారా కూడా దాటి, హౌరా ఇంకా రాకముందు ఒక్కోసారి సిగ్నల్ కోసం కాసేపు నిలబడిపోతుంది. దిగేవాళ్లంతా అప్పటికే సంచులు భుజాన వేసుకుని గుమ్మాల దగ్గరికి చేరి ఉంటారు. నాకు కిటికీ దొరికితే ఆ కాసేపూ చూడ్డానికి ఉండేది గోడ ఒక్కటే. కార్‌షెడ్‌లో ఈఎంయూ రైళ్లు వరసగా నిలబడి ఉంటాయి. బ్రేకు దిమ్మలు అరిగి రాలిన ఇనుప పొడికి పట్టాల మధ్య కంకరంతా కాఫీపొడి రంగుకి తిరిగి ఉంటుంది. ఆ వెనకాల ఎక్కడ పూత ఊడిందో, ఎక్కడ నాచు పట్టిందో, ఎక్కడ రావిమొక్క పగులులో వేరు దించిందో చెప్పలేనంతగా కలిసిపోయిన ఇటుక గోడ. ఎన్నో ఏళ్లుగా నా కళ్ల ముందే ఉన్న గోడ అది. ఈమధ్య దాన్ని చూస్తే ఒక ప్రశ్న పట్టుకుంటోంది, రైలు కదిలినా వదలడం లేదు. ఈ గోడకి ఫొటో తీసి ఇంకో చోట అతికిస్తే, అప్పుడు ఆ ఇటుకలు ఎవరివి?

ఈ ప్రశ్న నాకు తగిలించింది మా మేనల్లుడు. ఖరగ్‌పూర్‌లో చదువుకుంటున్నాడు. మా తాతల కాలంలో బెంగాల్ నాగపూర్ రైల్వే పనికోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన కుటుంబం మాది. వాడి తరానికి వచ్చేసరికి రైలు కంప్యూటరులోకి ఎక్కింది. నలుగురు స్నేహితులు కలిసి ఒక చిన్న ఓపెన్ సోర్సు గేముకి పనిచేస్తున్నారు. ఒక పాత రైల్వే యార్డు, అందులో తిరుగుతూ తప్పిపోయిన వ్యాగన్లు వెతకడం, అంతే ఆట. ప్రోగ్రాం అంతా జీపీఎల్ లైసెన్సు కింద ఉంది: ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. ఒకరోజు వాళ్లలోనే ఒకమ్మాయి బొమ్మల ఫోల్డరు తెరిచి, ఈ ఇటుక గోడ ఎక్కణ్ణించి వచ్చిందని అడిగిందట. ఎవరికీ తెలియదు. ఫైలు పేరులో ఇటుక అనీ, పక్కన ఒక అంకె, దాని పక్కన ఫైనల్ అనీ ఉన్నాయి. అది చేర్చినవాడు చదువైపోయి వెళ్లిపోయాడు. వాణ్ణి పట్టుకుని అడిగితే, ఏదో సైటులో దింపుకున్నాను, గుర్తు లేదన్నాడు. అక్కణ్ణించి మొదలై, తుప్పురేకు ఎవరిది, సిమెంటు నేల ఎవరిది, చెక్కతలుపు ఎవరిది అని ఒక్కొక్కటీ లేపుతూ పోతే, గేములో సగం ఊరికి యజమాని ఎవరో తెలియని పరిస్థితి.

టెక్స్చర్ అంటే ఏమిటో వాడు నాకు తెర మీద చూపించాడు. గేములో గోడకి మందం ఉండదు. నాలుగు మూలలున్న చదునైన పలక ఒకటి ఉంటుంది, దాని మీద ఇటుకల ఫొటో అతుక్కుని ఉంటుంది. ఆ ఫొటో తీసేస్తే పలక బూడిదరంగులో ఖాళీగా మిగులుతుంది. అనుమానం ఉన్నవాటన్నిటినీ ఒక్కసారి తీసేసి వాడు ఆ యార్డులో నడిచి చూపించాడు. షెడ్డు ఉంది, సిగ్నల్ కేబిన్ ఉంది, నీళ్ల ట్యాంకు ఉంది, అన్నీ ఒకే బూడిదరంగు. వాన వెలిసినట్టూ లేదు, మంచు పట్టినట్టూ లేదు. ఎవరూ ఏనాడూ ఉండని చోటులా ఉంది. ఒక స్థలానికి స్థలమనే గుణం పైపొర నుంచి ఇంతగా వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. పైపొరని పైపై మెరుగు అని తీసిపారేయడం మనకి అలవాటు. ఆ బూడిద యార్డు చూశాక ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

అయినా మనసులో ఒక సందేహం ఉండనే ఉంది. ఇంత చిన్న ఆటలో ఎవరిదో ఇటుక ఉంటే కొంప ములుగుతుందా? ఆ ఇటుకని ఫొటో తీసినవాడు ఏ దేశంలో ఉన్నాడో, వీళ్ల గేము వాడి కంట పడేదెప్పుడు, పడినా గుర్తుపట్టేదెలా? అడిగాను. వాడు చెప్పిన జవాబు నన్ను చాలా రోజులు తిప్పింది. చాలా టెక్స్చర్ సైట్లు, మా ఫొటోలు మీ గేములో వాడుకోండి, అమ్ముకోండి కూడా, కానీ ఆ ఫొటోని ఫొటోగా విడిగా ఇంకొకరికి ఇవ్వకండి అంటాయట. మూసిపెట్టి అమ్మే కంపెనీకి దాంతో ఇబ్బంది లేదు, ఫొటో లోపలెక్కడో కట్టకట్టి ఉంటుంది. ఓపెన్ గేముకి మాత్రం ఫోల్డరు తెరిచి పెట్టడమే ధర్మం. అంటే డబ్బుకి లక్షల కాపీలు అమ్మేవాడికి చెల్లే ఇటుక, ఊరికే పంచిపెట్టే ఈ పిల్లలకి చెల్లదు. ఇది అన్యాయం కదా అని నాకు మొదట కోపం వచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మాత్రం తోచలేదు. ఫొటో తీసినవాడు తన షరతు దాచలేదు, ముందే రాసిపెట్టాడు. చదవకుండా దింపుకున్నది మనవైపువాళ్లే.

పరాయి బొమ్మలు తీసేసి సొంతంగా చేసుకోవాలనుకున్నవాళ్లలో వీళ్లే మొదటివాళ్లు కారు. 1997 చివర్లో ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు డూమ్ ఆట సోర్సు కోడు బయటపెట్టారు, తర్వాత దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చారు. బొమ్మలూ గోడలూ రాక్షసులూ శబ్దాలూ మాత్రం వాళ్లవే. ఇంజను చేతికి వచ్చింది, ఊరు రాలేదు. అప్పుడు ఫ్రీడూమ్ అని ఒక గుంపు కూర్చుని ప్రతి గోడనీ, ప్రతి తలుపునీ, ప్రతి అరుపునీ కొత్తగా చేసుకుంటూ వచ్చింది. 2005 ఆగస్టులో క్వేక్ త్రీ కోడు విడుదలైనప్పుడు ఓపెన్ అరీనా అదే దారి పట్టింది. నాకు బాగా నచ్చింది మాత్రం రైళ్ల కథ. క్రిస్ సాయర్ 1994లో ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ చేశాడు. మరుసటి ఏడాది డీలక్స్ వచ్చింది. 2004లో లుడ్విగ్ స్ట్రీగేయస్ ఆ ఆటని విప్పి చూసి, తిరగరాసి ఓపెన్ టీటీడీ అని ఇచ్చాడు. మనకి టీటీడీ అనగానే ఏడుకొండలు గుర్తొస్తాయి గానీ, ఇక్కడ ఆ మూడక్షరాలు ఈ ఆట పేరువే. ఆ ఆట ఆడాలంటే పాత సీడీ మన దగ్గర ఉండాల్సి వచ్చేది, ఎందుకంటే పట్టాలూ, ఇంజన్లూ, చెట్లూ, ఇళ్లూ ఆ సీడీలోవే. ఏళ్ల తరబడి ఎవరెవరో కూర్చుని ఒక్కొక్క చిన్న బొమ్మా, చుక్క చుక్కగా, మళ్లీ గీశారు. దాన్ని ఓపెన్ జీఎఫ్ఎక్స్ అన్నారు. 2010 ఏప్రిల్‌లో ఓపెన్ టీటీడీ 1.0 వచ్చేనాటికి సీడీ అక్కర్లేకుండా పోయింది. ఒక పెట్టె వంపు తిరిగేటప్పుడు ఏటవాలుగా ఎలా కనబడాలో, ఆ ఒక్క కోణానికి ఒక బొమ్మ. బొగ్గు నింపితే ఒకటి, ఖాళీగా ఉంటే ఇంకొకటి. ఎవరూ మెచ్చుకోని పని అది. సరిగ్గా చేస్తే ఆడేవాడికి తేడా తెలియకూడదు, అదే దాని గొప్ప.

ఎందుకింత కష్టం? ఇక్కడ నాకు డెబియన్ వాళ్ల పద్ధతి కళ్లు తెరిపించింది. వాళ్లు లినక్స్ సాఫ్ట్‌వేరుని వేరువేరు అరల్లో పెడతారు. తానూ స్వేచ్ఛగా ఉండి, నడవడానికి కావలసినవన్నీ స్వేచ్ఛగా ఉన్నదే మొదటి అరలోకి వస్తుంది. ఇంజను స్వేచ్ఛదే అయినా దానికి పరాయి బొమ్మలు తప్పనిసరైతే పక్క అరలో పెడతారు. పట్టింపులా కనిపిస్తుంది. కానీ పుచ్చుకునేవాడి వైపు నుంచి చూస్తే వేరుగా ఉంటుంది. ఏ టెక్కలిలోనో ఒక బడి పంతులుగారు ఈ గేము దింపి, పిల్లల కంప్యూటర్లన్నిటిలోకీ ఎక్కించి, ఇంకో బడికి పెన్ డ్రైవులో పంపిస్తారు. లైసెన్సు కాగితం చదివి, అన్నీ సరిగా ఉన్నాయని నమ్మి చేస్తారు. ఆ నమ్మకానికి పూచీ ఎవరు? ఇచ్చేవాడు తనది కానిది కలిపి ఇస్తే, తప్పు తెలియనివాడి ఇంటికి చేరుతుంది. అందుకని ఇటుక చిన్నదా పెద్దదా అన్న లెక్క నాకిప్పుడు సరైనదిగా అనిపించడం లేదు. పుచ్చుకున్నవాడు నిశ్చింతగా ఇంకొకరికి ఇవ్వగలడా అన్నదొక్కటే నేను అడుగుతున్నాను.

పేరు సంగతి కూడా ఉంది. గేము బొమ్మల ఫోల్డర్లో ప్రతి బొమ్మకీ ఎదురుగా చేసినవారి పేరు, ఎక్కణ్ణించి వచ్చింది, ఏ లైసెన్సు అని ఒక వరస రాయాలి. మన వాళ్లకి ఇది కొత్తేమీ కాదు. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడి ముద్ర ఉంటుంది. త్యాగరాజు కృతి చివర ఆయన పేరు ఉంటుంది. పాట ఎవరి నోట ఎంత దూరం పోయినా పేరు దాంట్లోనే కుట్టి ఉంటుంది, చింపితే పాట చిరుగుతుంది. అయితే ఆ భద్రత కూడా పూర్తిది కాదు. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. వేమన మకుటం పెట్టుకుని తిరిగే పద్యాల్లో ఆయనవి కానివి ఎన్నో చేరాయని పరిశోధకులు ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. పేరు పోగొట్టుకున్న బొమ్మలున్నట్టే, తప్పుడు పేరు తగిలించుకున్న బొమ్మలూ ఉంటాయి. ఎవరిదో ఫొటో తీసుకుని, నాదే, ఎవరైనా వాడుకోండి అని ఉచిత సైట్లో పెట్టేవాళ్లు ఉన్నారని మా వాడు చెప్పాడు. అలాంటిది దింపుకుంటే కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది, అడుగున మాత్రం నేల ఉండదు. అన్నిటికంటే గట్టి దారి ఒకటే మిగిలింది: గోడ దగ్గరికి మనమే వెళ్లి మన చేత్తో తీయడం.

అలా వాడు వానాకాలంలో హౌరాలో నేనుండే ఇంటికి వచ్చాడు. వానాకాలమే ఎందుకంటే, టెక్స్చర్‌కి ఎండ పనికిరాదు. ఎండలో తీస్తే ఇటుక నీడ ఒకవైపే పడుతుంది. గేములో సూర్యుడు ఇంకోవైపు ఉంటే ఆ నీడ అబద్ధం చెబుతుంది. మబ్బు పట్టి, వాన పడని పూట కావాలి. అలాంటి పూటలకి ఇక్కడ కొదవ లేదు. టికియాపారాలో బెలిలియస్ రోడ్డు వెంబడి పోయాం. ఒకప్పుడు హౌరాని తూర్పు దేశపు షెఫీల్డ్ అనేవారు. ఇప్పటికీ ఆ రోడ్డు పక్క చిన్న చిన్న కార్ఖానాల్లో లేత్ మిషన్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. గుమ్మాల దగ్గర చుట్టలు చుట్టలుగా ఇనుప రజను, నూనె ఇంకి నల్లగా నిగనిగలాడే నేల, తుప్పు పట్టిన రేకు మీద నాలుగు తరాల రంగులు పొరలు పొరలుగా. వాడు ఒక్కొక్క గోడకీ ఎదురుగా నిటారుగా నిలబడి, ఫోను వంకర పోకుండా పట్టుకుని, ఒక్కో చోట నాలుగైదు తీశాడు. పాత గోడల్లో ఇటుకల మధ్య సున్నమూ సుర్ఖీ అనే ఇటుక పొడీ కలిపిన గార, తెలుపు కాదు, లేత గులాబీ. తీసేసిన పాత ఫైల్లో ఇటుకలు అంచులు తేరి, మధ్యలో తెల్లటి సిమెంటు గీతలతో ఉండేవి. ఏ చలిదేశపు గోడో అది. ఖరగ్‌పూర్ యార్డు అని చెప్పుకున్న ఆటలో ఇన్నాళ్లూ ఆ గోడే నిలబడి ఉంది, ఎవరికీ తేడా అనిపించలేదు.

పాత ఫోల్డర్లో ఒక మ్యాన్‌హోల్ మూత బొమ్మ కూడా ఉండేది, దాన్నీ తీసేశారు. ఒక కార్ఖానా పక్కన పోతపోసిన కొత్త మూతలు దొంతరగా పెట్టి ఉంటే అడిగి ఫొటో తీసుకున్నాం. న్యూయార్కు వీధుల్లో మేడ్ ఇన్ ఇండియా అని ఉండే మూతలు కొన్ని హౌరా ఫౌండ్రీల్లో తయారైనవే. చెప్పుల్లేని కాళ్లతో కరిగిన ఇనుము మోసే ఇక్కడి మనుషుల గురించి 2007లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అమెరికా వీధిలో ఎవరో ఫొటో తీసి, సైట్లో పెట్టి, వాడుకో కానీ పంచకు అని షరతు రాసిన మూత, ఈ వీధి మనుషులు పోసిందే అయితే? అడుగున ఉన్న పనివాడికి ఏ చట్టంలోనూ ఈ బొమ్మ మీద హక్కు లేదు, ఫొటో తీసినవాడే కర్త. మేం తీసినా అంతే, మా వాడే కర్త. ఇది నాకు ఇంకా మింగుడు పడలేదు. వరసలో వాడి పేరు పక్కన, ఏ వీధి పనివాళ్లు పోసిన మూతో కూడా రాయమన్నాను. లైసెన్సుకి అక్కర్లేదు గానీ రాస్తానన్నాడు, రాశాడు.

ఇంకో గోడ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. దాని నిండా పిడకలు కొట్టి ఉన్నాయి. ప్రతి పిడక మీదా అయిదు వేళ్ల ముద్ర. ఒకే మనిషి చెయ్యి అని తెలుస్తోంది. చిటికెన వేలు ప్రతిసారీ కాస్త ఎడంగా పడింది. మా వాడు ఫొటో తీసి, ఆ రాత్రి గింప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రాంలో తెరిచాడు. టెక్స్చర్‌ని పలకలు పరిచినట్టు పక్కపక్కన పరుస్తారు, కుడి అంచు ఎడమ అంచుతో అతుకు కనబడకుండా కలవాలి. బొమ్మని సగానికి జరిపితే అంచులు నడిమధ్యకి వస్తాయి, అక్కడ అతుకు చెరుపుతారు. అతుకు చెరిగింది. కానీ గోడంతా పరిచి చూస్తే అదే చెయ్యి, అదే ఎడమైన చిటికెన వేలు, కొలతపెట్టినట్టు మళ్లీ మళ్లీ వస్తోంది. కన్ను వెంటనే పట్టేస్తుంది. మంచి టెక్స్చర్ కావాలంటే గుర్తుపట్టగలిగే ప్రతి మచ్చనీ చెరపాలట, గోడకి మొహం ఉండకూడదట. వేలిముద్రలు చెరిపితే పిడకలు గుండ్రటి మట్టి మచ్చలైపోయాయి. వాడు చెరపడం ఆపేశాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి గోడ మొత్తాన్నీ ముక్కలుగా తీసుకొచ్చి, ఒక్కో పిడకనీ విడిగా అమర్చాడు. ఫైలు బరువైపోయింది, పాత కంప్యూటర్లో ఆట నత్తనడక నడుస్తుందని స్నేహితులు గొడవపెట్టారు. నేను ఆ గొడవలో మా వాడి వైపే.

చివరికి మిగిలింది టీకొట్టు గోడ. బెంగాల్లో గోడ రాతలది ఒక విద్య. ఎన్నికలప్పుడు పార్టీ గుర్తులైనా, మిగతా కాలం కొట్ల పేర్లైనా, కుంచె పట్టినవాడి ఒడుపు అక్షరం అక్షరంలో తెలుస్తుంది. ఆ కొట్టు పేరు నీలం మీద పసుపు అక్షరాల్లో, పక్కన ఎర్రటి నీడతో ఉంది. యార్డు గుమ్మంలో అది పెడితే ఆట మొత్తానికి ప్రాణం వస్తుంది. మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ప్రకారం కట్టడానికి ఫొటో తీసుకోవచ్చు, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పానికీ తీసుకోవచ్చు. గోడ మీద వేసిన చిత్రం ఆ మినహాయింపులో లేదు. ఇటుక మనది కావచ్చు, దాని మీది అక్షరం వేసినవాడిదే. కొట్టాయన్ని అడిగి, ఆ పెయింటరు ఇల్లు కనుక్కుని వెళ్లాం. పెద్దాయన. మా వాడు బెంగాలీలో అంతా విడమరిచి చెప్పాడు: ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మీ పేరు మాత్రం తీయకూడదు. ఆయన అంతా విన్నాడు. తీసుకోండి, డబ్బు కూడా వద్దు, కానీ నా అక్షరాలు ఎవరూ చెడగొట్టకూడదన్నాడు.

ఆ ఒక్క షరతుతో ఆ గోడ ఆటలోకి రాకుండా పోయింది. మార్చకూడదన్న బొమ్మ స్వేచ్ఛా లైసెన్సులో ఇమడదు. ఆయన అడిగింది తప్పా అంటే, కాదు. అదే చట్టం 57వ సెక్షన్‌లో, తన పరువుకి భంగం కలిగేలా పనిని వికృతం చేస్తే అడ్డుచెప్పే హక్కు కర్తకి ఉండనే ఉంది. దారిలో నేను, ఫొటో పెట్టేయరా, ఆయనకి తెలిసేదెలా అని ఎవరైనా అంటే ఏం చెబుతావని అడిగాను. "ఆయనకి మొత్తం చెప్పేశాం కద మావయ్యా, ఇంకెలాగ పెడతాం?" అన్నాడు. వారం తర్వాత వాడే మళ్లీ వెళ్లి ఇంకో మాట అడిగాడు. ఆటకోసమే, మార్చుకోవడానికి ఒప్పుకుంటూ, ఒక కొత్త బోర్డు రేకు మీద రాసిపెడతారా, కూలి ఇస్తాం అని. దానికి ఆయన ఒప్పుకున్నాడు. ఆ కొట్టు గోడ కొట్టుకే ఉంటుంది, ఇది వేరే పని అన్నాడు. పిల్లలు చందాలు వేసుకుని రంగులకీ కూలికీ డబ్బు కట్టారు.

ఏం రాయాలన్న దగ్గర ఇప్పుడు చర్చ నడుస్తోంది. ఖరగ్‌పూర్ యార్డు గనక బెంగాలీతో పాటు హిందీ, తెలుగు కూడా ఉండాలని నేను పట్టుబట్టాను. తెలుగు మాట్లాడేవాళ్లు ఇంతమంది ఉన్న ఊరు, 2020 చివర్లో బెంగాల్ ప్రభుత్వం అధికార భాషల్లో తెలుగుని కూడా చేర్చుకుంది, ఆటలో ఒక బోర్డు మీదైనా మన అక్షరం కనబడాలి. పెద్దాయనకి తెలుగు లిపి రాదు. రాసిస్తే చూసి వేస్తానన్నాడు. ఒక తెల్లకాగితం మీద, తలకట్లు విడిగా కనబడేలా పెద్ద అక్షరాలతో "తేనీరు, బిస్కత్తులు" అని రాసిచ్చాను. కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతూ మా వాడు ఆగాడు. నా చేతిరాతకి కూడా ఫోల్డర్లో ఒక వరస ఉండాలన్నాడు. పేరు, తేదీ, లైసెన్సు రాసి కింద సంతకం పెట్టాను.